ఖాళీ అయిన ఇంట్లో మిగిలిన పని



మా ఇంట్లో బియ్యము కొలిచే డబ్బా ఒకటి ఉంది. మా అమ్మ, పిల్లలిద్దరు, మేమిద్దరము కలిసి ఉన్న రోజుల్లో పూటకు మూడు డబ్బాలు పోసేవారము. అమ్మ గతించింది. అమ్మాయి పెండ్లి చేసుకొని పూనాకు వెళ్లింది. అబ్బాయి ఉద్యోగము దొరికి బెంగుళూరులో స్థిరపడ్డాడు. వాడు వెళ్లిన తరువాత కూడా చాలా నెలలు నా భార్య మూడు డబ్బాలే పోసింది. రాత్రి మిగిలిన అన్నములో నీళ్లు పోస్తూ, "చెయ్యి ఇంకా మరచిపోలేదండీ" అనేది. నేను నవ్వేవాణ్ణి. అయితే నా పరిస్థితీ అదే. సాయంకాలము ఆరున్నరకు బెంగుళూరు నుండి వచ్చే రైలు కూత వినబడితే, ఎవరూ రారని తెలిసినా గుమ్మము వైపు చూసేవాణ్ణి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు గనుక వ్రాస్తున్నాను. పిల్లలను పెంచడమే మన జీవితానికి ఉద్దేశమని ముప్పది ఏళ్లు అనుకున్నాము. వారు పెరిగి వెళ్లారు. ఇక మనము దేనికి?

మన తాతల కాలములో ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఎదురుకాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన రోజుల్లో మన దేశములో సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్లు. ఇప్పుడు సుమారు 70. పసిబిడ్డల మరణాలు ఎక్కువగా ఉండడము ఆ పాత లెక్కకు పెద్ద కారణమన్నది నిజమే. అయినా కడగొట్టు బిడ్డ పెండ్లి చూడకుండానే కన్నుమూసిన తల్లిదండ్రులు అప్పుడు ఎందరో. చూసినవారికి కోడళ్లు, మనుమలు అదే కప్పు క్రింద ఉండేవారు. మనకైతే ఇద్దరో ముగ్గురో పిల్లలు. వారు వెళ్లిన తరువాత మనకు ఇరువది ఏళ్లు మిగులుతాయి. అది చిన్న కాలము కాదు.

మాది కోలారు బంగారు గనుల ఊరు. మా నాయన 1950లలో చిత్తూరు జిల్లాలోని పల్లె విడిచి ఇక్కడికి వచ్చి, ఛాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల పనిచేశాడు. నేనూ గని వర్క్‌షాపులోనే కుదిరాను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పుడు నాకు నలుబది ఏళ్లు. పిల్లలు బడిలో ఉన్నారు. అప్పటి నుండి తెల్లవారుజామున మారికుప్పము రైలెక్కి బెంగుళూరు వెళ్లి, అక్కడ ఒక షెడ్డులో పనిచేసి, రాత్రికి తిరిగి వచ్చేవాణ్ణి. వారిద్దరినీ ఆ రైలే చదివించిందని చెప్పవచ్చును. అందువలన నా మనస్సులో నాకు తెలియకుండానే ఒక లెక్క ఏర్పడింది. నేను వారికోసము ఇంత చేశాను గనుక వారు నాకు ఇంత అచ్చి ఉన్నారని.

ఆ లెక్క ఒకనాడు బయటపడింది. నేను రోజుకు రెండుసార్లు ఫోను చేస్తుంటే మా అబ్బాయి మెల్లగా, "నాన్నా, పగలు చేయవద్దు, పనిలో ఉంటాను. ఆదివారము నేనే చేస్తాను" అన్నాడు. తప్పు మాట కాదు. అయినా రెండు రోజులు నాకు అన్నము సహించలేదు. మూడవ రోజు నా భార్య, "మీ నాయన పల్లె విడిచి వచ్చినప్పుడు మీ అవ్వ ఏమి చేసిందండీ?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా అవ్వ ఆ పల్లెలో ఒంటరిగా ఉండేది. మా నాయన ఏడాదికి ఒకసారి, కొన్నిసార్లు రెండేళ్లకు ఒకసారి వెళ్లేవాడు. మేము ఎదిగిన కథ చెప్పుకొనేటప్పుడు మా నాయన ధైర్యమును గూర్చి చెప్పుకున్నాము గాని, ఆ గుడిసెలో మిగిలిపోయిన మనిషిని గూర్చి ఎవరమూ చెప్పుకోలేదు. ఆంధ్ర విడిచి వచ్చి కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో స్థిరపడిన మన కుటుంబాలలో దాదాపు ప్రతిదాని వెనుక అటువంటి ఖాళీ ఇల్లు ఒకటి ఉంది. మన పెద్దలు వెళ్లగలిగారు గనుకనే మనము ఇక్కడ ఉన్నాము. మనము చేసిన పనినే మన పిల్లలు చేస్తే దానిని కృతఘ్నత అని ఎలా అనగలము?

అయితే బాధ అబద్ధమని నేను అనను. హన్నా తన బిడ్డను షిలోహులో విడిచి వచ్చిన తరువాత, ఏటేటా వానికి ఒక చిన్న అంగీ కుట్టి తీసుకొనిపోయేది. బిడ్డ ఇంట లేడు. ఎంత ఎదిగి ఉంటాడో తలంచుకొని కుట్టవలసినదే. ఆ తల్లికి బెంగ లేదని ఎవరు అనగలరు? కాని ఆమె వానిని తిరిగి అడుగలేదు.

ఇటువంటి సమయములో మనలో చాలామంది పట్టుకొనే దారులు రెండు చూశాను. మొదటిది, పిల్లల ఇంటికి వెళ్లి ఆ ఇంటిని మనమే నడుపబోవడము. మనుమలను చూసుకోవడము మంచి పనే. కాని కోడలి వంటింట్లో మన డబ్బా కొలత పెట్టబోతే రెండిళ్లకూ శాంతి ఉండదు. రెండవది, ఏదో ఒక కమిటీలో పదవి పట్టుకొని దానిని విడువకపోవడము. ఇంట్లో మాట వినేవారు లేరు గనుక బయట వినిపించాలనే ఆశ అది. రెండింటిలోనూ ఉన్నది ఒక్కటే: ఎవరికో ఒకరికి నేను తప్పనిసరి కావాలి అనే ఆకలి.

నాకు తోచిన సంగతి ఇది. బిడ్డకు నడక నేర్పేది మన వేలు విడిచిపెట్టాలనే. మన అవసరము వారికి తీరిపోయిందంటే మన పని చెడిపోలేదు, నెరవేరింది. కాబట్టి "నేను ఎవరికి కావాలి" అని అడుగుతూ కూర్చుంటే జవాబు దొరకదు. "ఇన్నేళ్లలో నా చేతికి ఏమి వచ్చింది, అది ఎవరి దగ్గర లేదు" అని అడగవలెను.

గిడుగు రామమూర్తి పంతులుగారిని మనము వ్యావహారిక భాష కోసము తలంచుకుంటాము. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, 1911లో ఉద్యోగము విరమించారు. పెద్ద పోరాటమంతా ఆ తరువాతనే. ఉద్యోగములో ఉండగానే ఆయన చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ తిరుగుడులో జ్వరము వచ్చి, వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. అయినా విడువలేదు. సవర భాషను గూర్చిన ఆయన పుస్తకము 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అనగా 68వ ఏట ఒకటి, 75వ ఏట మరొకటి. ఈ రెండింటి నడుమ 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు, ఎన్నో ఏళ్లు కాపురమున్న ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరుకున్నారు. మనకు ఆయనంత పాండిత్యము లేదు. కాని నడి వయస్సులో చేయి పెట్టిన పనికి ముసలితనములో తీరిక దొరుకుతుందన్న మాట మనకూ వర్తిస్తుంది.

మా వీధిలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివే పిల్లలున్నారు. అమ్మమ్మ దాచుకున్న ఉత్తరము చేతికిస్తే ఒక్క అక్షరము చదవలేరు. నా భార్య శనివారము సాయంత్రము అయిదుగురిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడము మొదలుపెట్టింది. నేను బ్యాంకు కాగితాలు, పింఛను కాగితాలు అర్థముకాని పెద్దలతో ఆఫీసులకు వెళ్తున్నాను. వరుసలో నిలబడడము నాకు బాగా తెలిసిన పని. కొన్నాళ్లకు ఆ పిల్లలలో ఒకడు రావడము మానేశాడు. నా భార్య చిన్నబుచ్చుకున్నది. కొడుకు వెళ్లిననాటి ముఖమే. తరువాత తానే అన్నది: "వీళ్లూ పోతారండీ. పోయేలోగా గుణింతము వస్తే చాలు."

ఇంకొక మాట. పిల్లలు వెళ్లిన ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే మిగులుతారు. ముప్పది ఏళ్లు ఫీజులు, జ్వరాలు, పరీక్షలు తప్ప మేమిద్దరము వేరే సంగతి మాట్లాడుకోలేదని మాకు అప్పుడు తెలిసింది. మొదట్లో భోజనము దగ్గర మాటలు దొరికేవి కావు. మొన్న ఆమె చిన్ననాటి స్నేహితురాలి సంగతి చెప్పింది; అంతకు ముందు నేను ఎన్నడూ విననిది. ఒంటరిగా మిగిలినవారికి ఈ భాగ్యము లేదు. అటువంటివారి గుమ్మము ముందుగా తట్టడము మిగిలిన మన పనులలో మొదటిది. మంచములో ఉండి కదలలేనివారికి కూడా ఎదుటివారి మాట ఓపికగా వినే పని ఉంది. ఆ ఓపిక పిల్లలను పెంచినవారికి వచ్చినంతగా మరొకరికి రాదు.

చదువరులారా, ఈ వారము మీ ఇంట్లో ఇద్దరూ కూర్చొని, మీ చేతికి వచ్చిన పనులు లెక్కపెట్టండి. మీ వీధిలో అది కావలసినవారు ఎవరో చూడండి.

మా ఇంట్లో ఇప్పుడు పూటకు డబ్బాన్నర పోస్తున్నాము. శనివారము మాత్రము మూడు.