పనివాళ్లా, అతిథులా?

అహోబిలం వెళ్లేవాళ్లకు ఆళ్లగడ్డ తెలిసే ఉంటుంది. అక్కడే మాకు రెండెకరాల సేంద్రియ పొలం ఉంది. మొన్న ఇద్దరు వాలంటీర్లు వచ్చారు. పని వాళ్లది, తిండీ పడకా మనవి.

ఆఫీసు అలవాటు, పొద్దున్నే ఫోన్లో టాస్క్‌లు రాసేశా. మొదటిది జీవామృతం: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి.

మా నాయన ఒక్కటే అడిగాడు: "ముందు వాళ్లు తిన్యారా?"

తలెత్తలేకపోయా. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను కాదనకూడదు, అందుకే అన్నం బాగా సమకూర్చుకోవాలి అంటుంది తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి. అంటే అతిథి కోసమే పంట. నేనేమో పంట కోసం అతిథుల్ని పిలిచా!

ఆ రోజు జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ అయ్యాకే డ్రమ్ము దగ్గరికి వెళ్లాం. కర్ర నేనూ పట్టుకున్నా.