మైత్రి – మన చూపును మార్చే ధమ్మం



రామాపురంలో ఒక ఆదివారం బుద్ధవందన అయ్యాక ఒక పెద్దమ్మ నన్ను సూటిగా అడిగింది: "ఏమయ్యా, అందరి మీదా మైత్రి ఉండాలంటున్నావు. చుండూర్లో మన పిల్లల్ని చంపినోళ్ళ మీద కూడానా?"

నాకు వెంటనే నోరు పెగల్లేదు. 1991 ఆగస్టు 6న మన తెనాలి పక్కనే ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. ఆ పేరు వింటే ఈ ప్రాంతంలో మన గొంతు ఇప్పటికీ పూడుకుపోతుంది. ఆ తల్లికి తేలిక మాట చెప్పి తప్పించుకోకూడదు కదా!

మైత్రి అంటే నేరాన్ని మాఫీ చెయ్యడం కాదు. తలవంచుకుని ఊరుకోవడం అంతకన్నా కాదు. చుండూరు బాధితులు కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అయినా న్యాయం అడగడం మానలేదు. న్యాయం అడగడానికి ద్వేషం అక్కర్లేదు. ద్వేషం పెరిగేది మన గుండెలోనే, ముందు కాల్చేదీ దాన్నే. పెద్దమ్మకి నేను చెప్పింది ఇదే.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం' గ్రంథంలో కరుణకీ మైత్రికీ తేడా వివరంగా చెప్పారు. కరుణ మనుషుల మీద చూపేది. మైత్రి సకల జీవుల మీదా చూపేది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కూడా ప్రాణులన్నిటి పట్ల దయ చూపాలన్న మాట పెట్టారు. అంటే మైత్రి మనకి అలంకారం కాదు, దీక్షలో భాగం.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మాలపల్లెలో పుట్టాను. చిన్నప్పుడు మాదిగపల్లెలో మంచినీళ్ళు తాగొస్తే ఇంట్లో తిట్లు పడేవి. పెద్దయ్యాక దీక్ష తీసుకున్నాను, గోడకి బుద్ధుడి పటం తగిలించాను. అయినా ఆ పల్లె నుంచి పెళ్ళి పిలుపు వస్తే అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా ఏదో వంక చెప్పి వచ్చేసేవాణ్ణి. ఊరోళ్ళు మనల్ని చూసిన చూపుతోనే నేను నా సాటివాళ్ళని చూశాను. ఇది తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

సునీతుడి కథ మీకు తెలుసు. రాజగృహంలో వీధులు ఊడ్చేవాడు. బుద్ధుడు భిక్షువులతో వస్తుంటే భయపడి గోడకి అతుక్కుపోయాడు. లోకానికి అక్కడ ఒక అంటరానివాడు కనిపించాడు. బుద్ధుడికి ఒక మనిషి కనిపించాడు. దగ్గరికెళ్ళి మాట్లాడి సంఘంలో చేర్చుకున్నాడు. ఈ కథ విన్నప్పుడల్లా మనం సునీతుడి పక్కనే నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఒక్కసారి ఇటు పక్కకి కూడా వచ్చి చూడండి. మనల్ని చూసి గోడకి అతుక్కుపోతున్నది ఎవరు? పక్క పల్లెవాడా? ఇంట్లో కోడలా? మన పొలంలో కూలికొచ్చే మనిషా?

మైత్రి ఒక్కరోజులో రాదు, సాధన చెయ్యాలి. రాత్రి పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. ముందు మీరు సుఖంగా ఉండాలని కోరుకోండి. తరాలుగా మనల్ని మనమే తక్కువ చేసుకోవడం నేర్పారు కాబట్టి మొదలు అక్కడే. తర్వాత మీకు ఇష్టమైనవాళ్ళు. ఆ తర్వాత ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్ళు. చివరికి మనసు ఒప్పుకోని మనిషి. ఈ నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతే కంగారు పడకండి. పెద్దమ్మా, నువ్వు కూడా అక్కడే ఆగు, తప్పు లేదు. మూడో మెట్టు దాకా రోజూ ఎక్కుతూ ఉంటే చాలు, దారి తప్పినట్టు కాదు.

కానీ కళ్ళు తెరిచాక లేచి నడవాలి. పోయిన వేసవిలో ఆ పల్లెలో పెళ్ళికి నేను ఇంటిల్లిపాదితో వెళ్ళి, పంక్తిలో కూర్చుని కడుపునిండా తిన్నాను. ఆ ఇంటి పెద్దాయన నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి, "ఇన్నాళ్ళకా తమ్ముడూ!" అన్నాడు. సిగ్గేసింది, హాయిగానూ ఉంది.

ఈ వారం మీరు కూడా అలా ఒక గడప తొక్కండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!