నిరాశ పాపమా, రోగమా?



మన సంఘములలో బిగ్గరగా అడుగుటకు జంకెడి ప్రశ్న యొకటి కలదు. విశ్వాసియైనవాడు చావును కోరునా? కోరినయెడల అతని విశ్వాసము బూటకమేనా? చాల ఏండ్ల క్రిందట నేను ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పితిని. దానిని తలంచి నేటికిని సిగ్గుపడుచున్నాను గనుక ఈ మాటలు వ్రాయుచున్నాను.

అప్పుడు నేను సేవచేయుచుండిన గ్రామములో సంఘపెద్దయైన ఒక రైతు ఆరాధనకు వచ్చుట మానెను. ఇంటికి వెళ్లి చూచితిని. అన్నము సహించుట లేదనియు, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచున్నదనియు, పొలము ముఖము చూడ బుద్ధి పుట్టుట లేదనియు చెప్పెను. తరువాత తల వంచుకొని, "అయ్యగారూ, నేను లేకపోతేనే పిల్లలకు మేలేమో" అనెను. నేను ఉలికిపడి, "అది సైతాను మాట. దాచిన పాపమేదైనా ఉంటే ఒప్పుకో, ప్రార్థన ఎక్కువ చెయ్యి" అని చెప్పి వచ్చితిని. ఆ వారములోనే అతడు ప్రాణము మీదికి తెచ్చుకొనెను. ఇరుగుపొరుగువారు సకాలమున చూచి ఆస్పత్రికి చేర్చినందున బ్రతికెను. మంచము ప్రక్కన కూర్చున్న నాతో అతడు, "మీరు అట్లా అనేసరికి దేవుడు కూడా నన్ను వదిలేశాడనుకున్నానయ్యా" అనెను.

నేను పలికినది బోధయే. కాని రోగము అతనికి చెప్పుచున్న మాటకే నా బోధ సాక్ష్యము పలికినది.

విలియం కౌపర్ అను ఇంగ్లీషు కవి బ్రదుకును చూడుడి. అతడు 1731లో ఒక బోధకుని ఇంట పుట్టి, ఆరేండ్ల వయస్సున తల్లిని పోగొట్టుకొనెను. 1763లో ఒక ఉద్యోగపు పరీక్షను గూర్చిన భయము అతనిని క్రుంగదీయగా, పలుమారులు ప్రాణము తీసికొనుటకు ప్రయత్నించెను. నాథానియేల్ కాటన్ అను వైద్యుని సంరక్షణలో కోలుకొని, అక్కడనే విశ్వాసములో ఆదరణ పొందెను. తరువాత ఓల్నీ అను ఊరిలో జాన్ న్యూటన్ బోధకునితో కలిసి కీర్తనలు వ్రాసెను. అవి 1779లో అచ్చుపడినవి. అయితే 1773లోనే ఆ చీకటి మరల అతనిని కమ్మెను. దేవుడు తన్ను శాశ్వతముగా త్రోసివేసెనని అతడు నమ్మి, మరల ప్రాణము తీసికొనజూచెను. ఆ నమ్మకము చివరివరకు అతనిని పూర్తిగా విడువలేదు.

ఇతరులకు ఆదరణ కలిగించిన కీర్తనలు వ్రాసినవానికే ఆదరణ దొరకలేదు. అతని విశ్వాసము బూటకమందుమా? అట్లనుటకు నాకు నోరు రాదు. ఈ రోగము ఒక్కొక్కని నోట వానికి ప్రియమైన సంగతులనుండియే మాటలు ఎత్తుకొనును. రైతు నోట అది అప్పును గూర్చి పలుకును, తల్లి నోట పిల్లలను గూర్చి పలుకును, భక్తుని నోట నరకమును గూర్చి పలుకును. జ్వరపు సంధిలో పలికిన మాటలకు మనము రోగిని నిందించము గదా. ఆలాగుననే ఈ మాటలును.

మరి న్యూటన్ ఏమి చేసెను? కౌపరును తన యింటికి చేర్చుకొని, ఏడాదికి పైగా ఉంచుకొనెను. మేరీ అన్విన్ అను విధవరాలు రాత్రింబగళ్లు కనిపెట్టుకొని యుండెను. వారు అతనిని స్వస్థపరచలేకపోయిరి, కాని విడువలేదు. అతడు తోట పని చేయుచు, కుందేళ్లను పెంచుచు, గొప్ప కావ్యములు వ్రాయుచు ఇంకను 27 ఏండ్లు బ్రదికి, 1800లో వ్యాధివలన మంచముమీదనే కన్నుమూసెను. ఆ యేండ్లన్నియు ప్రక్కన నిలిచినవారి ప్రేమవలన దక్కినవని నేను తలంచుచున్నాను.

వైద్యులు డిప్రెషన్ అని పిలుచు ఈ క్రుంగుదల గలవారిలో అధికులు ఆత్మహత్య చేసికొనరు. చికిత్సవలన కోలుకొనువారు అనేకులు. అయినను అపాయపు గురుతులను మనము ఎరిగి యుండవలెను. ఇదివరకు ఒకసారి ప్రయత్నించినవాడు, తాను ఇంటికి భారమనువాడు, నిద్ర పట్టక త్రాగుడుకు దిగినవాడు, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టి వీడ్కోలువలె మాటలాడువాడు, వీరిని కనిపెట్టవలెను. చావును గూర్చి పలుకువాడు చావడను మాట అబద్ధము. ఆస్పత్రినుండి ఇంటికి వచ్చిన తొలి వారములలో అపాయము తీరిపోయెనని ఏమరకూడదు. ఎంతో కలతపడినవాడు హఠాత్తుగా నెమ్మదియైనను ఏమరకూడదు.

"చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా, మెల్లగా అడుగుడి. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. అనేకులకు గుండె బరువు దిగును. అతడు ఔనన్నయెడల ఒంటరిగా విడువకుడి. పురుగుమందును ఇంటిలో ఉంచక, తాళము వేయగల మరియొక చోటికి చేర్చుడి. చావవలెనను తలంపు అనేకులలో ఒక గడియ ఉధృతమై, పిమ్మట తగ్గును. ఆ గడియలో సాధనము చేతికి అందకపోవుట ఒక ప్రాణమును కాపాడవచ్చును. అతనిని వెంటబెట్టుకొని ఆస్పత్రికి వెళ్లుడి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అను నంబరుకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. మాత్రలు మింగుట అవిశ్వాసము కాదు. మలేరియాకు మందు త్రాగువాడు ప్రార్థన మానునా?

ఈ దేశపు చట్టమే ఈ విషయములో కనికరము నేర్చుకొన్నది. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉండెనని ముందుగా ఎంచి, అతనిని శిక్షింపక ఆదుకొనవలెనని చెప్పుచున్నది. అట్లుండగా సంఘము రాళ్లు పట్టుకొని నిలుచుట తగునా? ప్రాణము దేవుడిచ్చినదనియు దానిని తీసికొనుట తగదనియు నేను ఇప్పటికిని బోధించుచున్నాను. కాని ఆ సత్యము రోగిని కాపాడు చేయి కావలెను, రోగి మీద పడు దెబ్బ కాకూడదు. ఇట్లు పోయినవారి కుటుంబములను వెలివేయుటకు మనకు అధికారము లేదు. వారి ఇంటికి ముందుగా వెళ్లవలసినది మనమే.

బదరీవృక్షము క్రింద ఏలీయా చావు కోరినప్పుడు దూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, లేపి, అప్పమును నీళ్లును చూపెను. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు కత్తి దూసిన రాత్రి పౌలు మొదట చేసినది ప్రసంగము కాదు. హాని చేసికొనవద్దని బిగ్గరగా కేకవేసి, తామందరును అక్కడనే యున్నామని తెలిపెను. రక్షణను గూర్చిన మాటలు ఆ తరువాత వచ్చెను.

ఆ రైతు ఇంటి గడపలో నేను ఆ క్రమమును తలక్రిందులు చేసితిని. మీరు అట్లు చేయకుడి. ఈ వారము ఆరాధనలో ఖాళీగా కనబడిన చోటు ఎవరిదో జ్ఞాపకము చేసికొని, నేటి సాయంకాలమే ఆ యింటి తలుపు తట్టుడి.