సులువు ఎవరికి?

"పాలు లేకుండా, నెయ్యి లేకుండా, ఇంట్లోనే సులువుగా" అన్న మాటలు ఇప్పుడు వంటల పుస్తకాల్లో, పత్రికల ఆదివారం పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. చిరుతిండికీ, భోజనానికీ, తీపికీ అదే హామీ. మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి, తేనె – జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థమూ వాడని ఈ తిండిని వీగన్ తిండి అంటున్నారు. పాలూ నెయ్యీ మానాలా వద్దా అన్న చర్చ బాగానే జరుగుతోంది. నాకు మాత్రం ఆ హామీలోని చివరి మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. ఉప్పదనం, తియ్యదనం లాగా సులువు అనేది వంటకంలో ఉండే గుణం కాదు. అది ఎవరో ఒకరికి సులువు. ఆ ఒకరు ఎవరన్నది వంటకు సంబంధించిన ప్రశ్న కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న.

మన దగ్గర ఇలాంటి తిండి కొత్తదేమీ కాదు. సంక్రాంతి సకినాల్లో బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె తప్ప మరేమీ ఉండవు. సర్వపిండిలో బియ్యప్పిండితో పాటు నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం. గుగ్గిళ్ళు, పల్లీపట్టి, నువ్వుల ఉండలు, చింతపండు పులిహోర – వీటిలో దేనికీ ఆవూ అక్కర్లేదు, గేదే అక్కర్లేదు. సద్దుల బతుకమ్మ నాడు చేసే అన్నాల్లో పెరుగన్నం పక్కన పెడితే పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఈ జాబితా చూసి, మన సంస్కృతి మొదటినుంచీ అహింసాయుతమైనదని తేల్చేసేవాళ్ళున్నారు. ఆ తొందర వల్ల రెండు విషయాలు మరుగున పడతాయి. ఒకటి శ్రమ, రెండోది కులం.

ముందు శ్రమ సంగతి. సకినాలకు కొత్త బియ్యం రాత్రంతా నానాలి. నీళ్ళు వాడ్చి, తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టించాలి, జల్లించాలి. నువ్వులూ వామూ వేసి కలిపిన పిండిని వేళ్ళ మధ్య సన్నగా మెలితిప్పుతూ బట్ట మీద చుట్టు మీద చుట్టు చుట్టాలి. కాస్త ఆరాక, విరగకుండా ఎత్తి నూనెలో వేయాలి. గంటల తరబడి నేల మీద వంగి కూర్చోవాలి. అందుకే ఇది ఒక్కరు చేసే పని కాలేదు. వాడలోని ఆడవాళ్ళు ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో కూర్చుని చుట్టేవాళ్ళు. ఏ జంతువుకూ బాధ కలగని ఈ వంటలో నడుం నొప్పి ఎక్కడ రాసుకోవాలి?

గుగ్గిళ్ళు నిజంగానే సులువు కదా అనొచ్చు. శనగలు నానబెట్టి, ఉడికించి, ఎండుమిరపకాయలూ ఆవాలూ కరివేపాకుతో తాలింపు పెడితే అయిపోతుంది. పొయ్యి దగ్గర గడిపేది కొద్దిసేపే. కానీ రేపు సాయంత్రం పిల్లలకు ఏం పెట్టాలో ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు గుర్తు తెచ్చుకుని శనగలు నీళ్ళలో వేసిన మనిషి ఒకరున్నారు. ఆ గుర్తుంచుకోవడాన్ని ఏ వంటల పుస్తకమూ "తయారీ సమయం"లో కలపదు. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు 299 నిమిషాలు గడిపారు, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో స్త్రీల పని 10 నిమిషాలు తగ్గితే పురుషుల పని 9 నిమిషాలు తగ్గింది. ఇంట్లోకి యంత్రాలు వచ్చాయి, పొట్లాల్లో పిండ్లు వచ్చాయి, పని పంచుకోవడం మాత్రం రాలేదు.

ఈ ఇంట్లోకి ఇప్పుడు కొత్త నీతి ప్రవేశిస్తోంది. ఇంటి మగవాడో, కాలేజీకి వెళ్ళే కొడుకో పాలు మానేశాడనుకుందాం. పాలపొట్లం కత్తిరించి మరగబెట్టే చోట ఇప్పుడు కొబ్బరి తురిమి, రుబ్బి, పిండి, వడకట్టి, ఆ బట్ట ఉతికి ఆరేయాలి. బాదం పాలైతే రాత్రే నానబెట్టాలి, తొక్క తీయాలి. కొనుక్కుందామంటే మామూలు పాలకు కొన్ని రెట్ల ధర. మిగిలినవాళ్ళు మానలేదు కాబట్టి పొయ్యి మీద రెండు గిన్నెలు. మారేడ్‌పల్లిలోనో తార్నాకలోనో అపార్ట్‌మెంటులో అయితే ఆ రుబ్బడం, కడగడం పనికి వచ్చే ఆవిడ చేతికి మారుతుంది. జీతం మాత్రం పెరగదు. నిర్ణయం తీసుకున్న మనిషికి అంతరాత్మ తేలికవుతుంది, బరువు మరొకరి భుజం మీదికి జరుగుతుంది. విమల "వంటిల్లు" కవిత వచ్చాక వంటింటిని పవిత్ర స్థలంగా చూడటం మనకు సాధ్యం కాలేదు. ఆ వంటిల్లే నీతి పేరుతో మళ్ళీ పవిత్రమై వస్తే గుర్తుపట్టగలమా?

రెండోది కులం. వీగన్ అన్న మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. పాల సంగతి కూడా చర్చించాలని పట్టుబట్టిన కొందరు అక్కడి శాకాహార సంఘం నుంచి విడిగా వచ్చి, డొనాల్డ్ వాట్సన్ ఆధ్వర్యంలో వేరే సంఘం పెట్టుకున్నారు. అంటే ఆ మాట పుట్టిందే శాకాహారంతో తగాదా పెట్టుకుని. మన దగ్గరికి వచ్చేసరికి ఆ తగాదా మాయమై, అది శాకాహారానికి పైమెట్టులా, ఇంకొంచెం మడి కట్టుకున్న శాకాహారంలా కనిపిస్తోంది. నిజానికి ఇక్కడ రెండింటికీ పొత్తు కుదరకూడదు. మన అగ్రకుల శాకాహారం జంతువు బాధ నుంచి మాత్రమే కట్టింది కాదు, మైల నుంచి కూడా కట్టింది. విస్తట్లో వడ్డన కాగానే నేతితో అభిఘారం చేస్తేనే ఆ అన్నానికి శుద్ధి. వీగన్ వదులుకోమనేది సరిగ్గా ఆ నేతినే. అన్నిటికంటే శుద్ధమైనదిగా మనం ఎంచినదే ఈ కొత్త లెక్కలో హింసతో కూడినది. ఈ మాటను దాని చివరిదాకా అనుసరిస్తే మడి పునాది కదలాలి. అలా కదలడం లేదంటే, పేరు మారింది తప్ప నీతి మారలేదని అర్థం.

తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసం తినేవాళ్ళేనని 2014 నాటి నమూనా నమోదు సర్వే చెప్పింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత, బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపితే దాడులు జరిగాయి. ఇక్కడ ఒకరి కంచంలోకి తొంగిచూసి తీర్పు చెప్పడం ఎప్పుడూ అమాయకమైన పని కాదు. ఇంకో సంగతీ ఉంది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, గటక, అంబలి – వీగన్ జాబితాకు అచ్చంగా సరిపోయే ఈ తిండిని తరాలపాటు తిన్నవాళ్ళు దాన్ని ఎంచుకోలేదు. నెయ్యి వాళ్ళు వదులుకున్నది కాదు, వాళ్ళకు అందనిది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన "నల్లపొద్దు" లాంటి సంకలనాల తర్వాత మనం "స్త్రీల వంటిల్లు" అని ఏకవచనంలో మాట్లాడలేకపోతున్నాం. ఒక స్త్రీకి వంటిల్లు చెర. మరొక స్త్రీకి పొయ్యి వెలగడమే పండగ. లేమిలోంచి పుట్టిన రొట్టెను మనం అహింస అని పేరు పెట్టి తింటే, ఆ రొట్టె చేసిన చేతుల నుంచి ఇంకోసారి లాక్కున్నట్టే.

ఇదంతా చెప్పి, కాబట్టి జంతువుల గురించి ఆలోచించడం ధనికుల సరదా అని ముగించడానికి నాకు మనసొప్పదు. నేను పాలు మానేసి కొన్నేళ్ళయింది. కారణం స్త్రీవాదమే. కరోల్ ఆడమ్స్ 1990లో మాంసానికీ పితృస్వామ్యానికీ ఉన్న సంబంధం మీద పుస్తకం రాసింది. నాకు మన నేల మీద మాంసం కంటే పాలే ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్నగా తోచింది. పాలు ఇవ్వాలంటే గేదె ఈనాలి. మళ్ళీ మళ్ళీ చూడి కట్టాలి. పాలు ఇవ్వని దున్నపోతు దూడ ఎవరికీ అక్కర్లేదు. తల్లితనాన్ని లెక్కగట్టి పిండుకోవడం, బిడ్డ మీద హక్కు తల్లికి లేకపోవడం – ఇవి మనకు తెలియని కథలా? తెలిసిన కథ ఇంకో జీవి విషయంలో కనిపించినప్పుడు ముఖం తిప్పుకోవడం నా వల్ల కాలేదు.

అయితే ఆ గేదె వెనక మరో స్త్రీ నిలబడి ఉంది. ముల్కనూరులో స్త్రీలు 2000ల మొదట్లో సొంతంగా పాల సహకార డెయిరీ నెలకొల్పుకున్నారు. సభ్యులూ స్త్రీలే, పాలకవర్గమూ స్త్రీలే. "స్వకృషి" పేరుతో పాలు అమ్ముతారు. పాలడబ్బు స్త్రీ చేతికి రావడమంటే ఏమిటో పల్లెటూరి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్ల ఫీజు కట్టడానికి మొగుడి ముందు చెయ్యి చాపకపోవడం అది. నా కప్పులో పాలు లేకపోవడం గేదెకు న్యాయమే కావచ్చు, కానీ ఆ స్త్రీకి నేను ఏ జవాబు చెబుతాను? ఈ రెండు న్యాయాలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. నా దగ్గర వీటిని కలిపే సూత్రం లేదు. కానీ అడ్డం రావడం లేదన్నట్టు నటించే నీతి మాత్రం నాకు పనికిరాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని స్త్రీలు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు, దశాబ్దాలుగా జొన్న, సజ్జ, కొర్ర పండిస్తున్నారు. 2019లో ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. మన కంచంలోని వీగన్ కొర్రన్నం వెనక అలాంటి చేలున్నాయి, ఆ చేలకు పశువుల ఎరువు ఉంది. పశువు లేని పంట, స్త్రీ లేని వంట కాగితం మీదే సాధ్యం.

ఇంకొక జాగ్రత్త కూడా మనకు అవసరం. వదులుకోవడం అనేది మనకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య. అందరూ తిన్నాక తినడం, పాలు మగపిల్లాడికి ఉంచడం, వారానికో ఉపవాసం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి చోట స్త్రీని ఇంకొకటి వదులుకోమనే ముందు ఆమెకు ఏమేం అందుతున్నాయో అడగాలి. వీగన్ తిండిలో బి12 విటమిను దొరకదు, మందుగానో, కలిపిన పదార్థంగానో తీసుకోవాల్సిందే. కాల్షియం సంగతి వేరు. 100 గ్రాముల పాలల్లో సుమారు 120 మిల్లీగ్రాములుంటే నువ్వుల్లో వెయ్యికి పైన, రాగుల్లో 340కి పైన ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికల్లో ఇవన్నీ ఉన్నాయి. ఆ జ్ఞానం చేతిలో పెట్టుకుని, తన ఇష్టంతో మానేస్తే అది ఎంపిక. తెలియకుండా, ఎవరి మెప్పు కోసమో మానేస్తే అది మరో ఉపవాసం.

నా వరకు ఈ తిండి సులువుగానే ఉంది. ఎందుకంటే నాకు జీతం ఉంది, మిక్సీ ఉంది, వండాల్సింది నా ఒక్క కంచానికే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా సులువు తగ్గిపోతుంది. అందుకే ఏ వంట గురించైనా పదార్థాలూ కొలతలూ రాశాక మరో మూడు సంగతులు రాయాలనుకుంటాను: ఎవరు రుబ్బారు, ఎవరు కడిగారు, ఎవరు ముందు తిన్నారు. నువ్వుల ఉండలకు కొలత సులువే. రెండు వంతుల నువ్వులు దోరగా వేయించాలి, ఒక వంతు బెల్లం దంచి కలపాలి, రెండూ కలిపి మళ్ళీ దంచి వేడి మీదే ఉండ కట్టాలి. పాలు లేవు, నెయ్యి లేదు. దంచడం ఒకరు, ఉండ కట్టడం ఇంకొకరు, రోలు కడగడం మూడోవారు చేస్తే, అందులో ఒక మగవాడూ ఉంటే, మొదటి ఉండ దంచిన చేతికే అందితే – అప్పుడు దాన్ని హింస లేని తిండి అనడానికి నాకు అభ్యంతరం లేదు.