మంచం పక్కన మంచినీళ్ళు

వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రిలో చేర్చి, బిల్లు కట్టేస్తే మన బాధ్యత తీరిపోయినట్లేనా?

ఇంగ్లాండులోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005-2009 మధ్య పలువురు వృద్ధులకు మంచినీళ్ళు చేతికందలేదు. మలమూత్రాలతో తడిసిన పక్క మార్చేవారు లేకపోయారు. 2013లో వెలువడిన విచారణ నివేదిక 290 సిఫారసులు చేసింది. పొదుపు పేరుతో సిబ్బందిని తగ్గించిన యాజమాన్యం లెక్కలు చూసుకుంది, రోగిని చూడలేదు. కనుక నేరమంతా నర్సులదే అనడం న్యాయం కాదు. అలాగని పని భారం నిర్లక్ష్యానికి సాకూ కాకూడదు.

కదలలేని మనిషిని వేళకు అటూ ఇటూ ఒత్తిగిలించకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. నోరు తెరిచి అడగలేని రోగి, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. యాజమాన్యం, డాక్టరు, నర్సు, సంతానం - అందరమూ దానికి జవాబుదారులమే. మంచం పక్కనున్న గ్లాసు ఆ వృద్ధుని చేతికి అందుతోందా? మన పరీక్ష అక్కడే మొదలవుతుంది.