ఇసుకన్నానికి కులముందా?





మా మనవరాలికి ఆరేళ్లు. సెల్‌ఫోన్‌లో వంటాట ఆడుతుంది. వేలితో టమాటా తరుగుతుంది, పొయ్యి వెలిగిస్తుంది, ఆమ్లెట్ తిప్పుతుంది. ఒక బొమ్మ మనిషి వచ్చి తిని నవ్వుతాడు. మాడిస్తే మొహం ముడుస్తాడు. మాడితే ఏముంది, మళ్లీ మొదలు! ఇట్లాంటివి కొత్తేం కాదు. జపాన్‌లో 2006లోనే ‘కుకింగ్ మామా’ అనే ఆట వచ్చింది, చిన్న పుల్లతో తెరమీద గీస్తూ వండేది.

మొన్న ఆ ఫోన్ నా నోటి దగ్గర పెట్టి, "తాతా, తిను" అంది. తిన్నట్టు నటించాను. కానీ గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టయింది. చిన్ననాటి బువ్వాలాట యాదికొచ్చింది.

గోదావరి ఒడ్డున మూడు రాళ్లు పొయ్యి, కొబ్బరి చిప్ప గిన్నె, మోదుగాకు విస్తరి. ఇసుకే అన్నం, చింతాకే కూర. ఊళ్లో ఆసాముల పిల్లలూ ఆటకు వచ్చేవాళ్లు. ఒకరోజు నేను వడ్డించగానే ఒకడు లేచి, "మీ పొయ్యి కాడ మేం తినం, మా పొయ్యి వేరే" అన్నాడు. ఇసుక ఒకటే, రేవు ఒకటే. ఎవరమూ దాన్ని మింగేది లేదు. అయినా ఆ ఇసుకన్నానికి కూడా కులం అంటింది!

ఇప్పుడు ఆలోచించండి. మైల అన్నంలో ఉందంటారు, నీళ్లలో ఉందంటారు. మరి అక్కడ అన్నమే లేదు కదా, మైల ఎక్కడుంది? మనసులో ఉంది. అన్నిటికీ ముందు నడిచేది మనసేనని తథాగతుడు బోధించాడు. కులం ఇటుకల గోడ కాదు, మనసులోని భావన అని బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఆ పిల్లవాడు దాన్ని పుట్టుకతో తేలేదు. ఇంట్లో చూశాడు, ఆటలో ఆడాడు. ఆడిందే పెద్దయ్యాక బతికాడు. నేర్చుకున్నదే గనుక విడిపించుకోనూ వచ్చు. ధమ్మానికి ఆధారం ఈ ఆశే.

అయితే ఫోన్ ఆటే మేలు కదా, అందులో వండింది ఎవరని ఎవరూ అడగరు కదా అని మీరనొచ్చు. నిజమే, అడగరు. కానీ అక్కడ ఆకలీ లేదు, పొగా లేదు, పక్కన కూర్చునే మనిషీ లేడు. ఎదుటివాడు లేని చోట సమానత్వానికి ఖర్చు లేదు. ఖర్చులేని సమానత్వం శీలం కాదు. చుందుడు పెట్టిన భోజనం తర్వాత బుద్ధునికి జబ్బు ముదిరింది. ఆటలో అయితే చుందుడికి సున్నా మార్కులు. బుద్ధుడు మాత్రం, చుందుణ్ణి ఎవరూ నిందించకూడదని, ఆ దానం గొప్ప పుణ్యమని అతనికి చెప్పమని ఆనందుణ్ణి కోరాడు. ఫలితం కన్నా చేతన ముఖ్యమని దీని అర్థం. చేతనకు మార్కులు వేసే యంత్రం ఇంకా పుట్టలేదు.

మన జిల్లా నేలకొండపల్లిలో స్తూపం ఉంది. భిక్షువుల ఆచారం ఏమిటి? ఏ ఇంటినీ దాటేయకుండా వరసగా భిక్షకు పోవడం, ఎవరు ఏది పెట్టినా ఒకే పాత్రలో స్వీకరించడం. ఆ పాత్రలో అన్ని పొయ్యిలూ కలిసిపోయేవి. బడి భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. ఆ వంటగిన్నె కూడా అలాంటి పాత్రే.

ఇక నా తప్పు చెప్పాలి. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ కుటుంబం మా చేను పక్కన గుడిసె వేసుకుంది. వాళ్ల పాప మా మనవరాలికి ఆకులో ఏదో తెచ్చి పెట్టింది. నా నోటి నుంచి "వద్దమ్మా" అనే మాట రాబోయింది. శుభ్రం కోసమా? కాదు. నన్ను నేను మోసం చేసుకోలేను. రేవులో లేచిపోయిన ఆ పిల్లవాడు నాలోనూ కూర్చున్నాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్నది ఒకటి. అది పైవాళ్లు మనతో ఎట్లా ఉండాలో చెప్పేది మాత్రమే కాదు. మనం పక్కవాళ్లతో ఎట్లా ఉండాలో కూడా చెప్పేది. నోరు మూసుకున్నాను. పాప ఇంకో ముద్ద నాకూ పెట్టింది. జొన్న గటక. తిన్నాను.

అందుకే పిల్లల ఫోన్ గుంజుకోమని చెప్పను. కాసేపు ఆడనివ్వండి. తర్వాత ఆడపిల్లనే కాదు, మగపిల్లాణ్ణీ పిలిచి బియ్యం కడిగించండి, చిక్కుడు కాయలు ఒలిపించండి. పున్నమి నాడు వండింది పక్క గుడిసెకు వాళ్ల చేతులతోనే పంపండి. వాళ్లింట పెట్టింది మీరూ తినండి. పిల్లలు మనం చెప్పేది వినరు, మనం తినేది చూస్తారు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!