ఒరుల గుట్టు

పరోపకారమునకు పూనుకొన్నవానికి మొట్టమొదట చేకూరునది ధనము గాదు, కీర్తి గాదు, ఒరుల రహస్యము. కష్టములో నున్నవారు తమ కష్టమును చెప్పుకొననిదే సాయము పొందజాలరు. చెప్పుకొన్న మాట వినినవానియొద్ద నిలిచిపోవును. అట్లు నిలిచిన మాట యెవరి సొత్తు? చెప్పినవారిదేయని మా యభిప్రాయము. వినినవాడు దానికి కావలివాడు మాత్రమే.

1881 డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వధువు ఊరు చేరువరకు సంగతి పొక్కకుండ కాపాడుటయు ఆ కార్యములో భాగమే. పొక్కినచో పంతులుగారికి కలుగునది నింద. ఆ బాలికకు కలుగునది జన్మాంతము వరకు తీరని చేటు. ఈ తారతమ్యమును పాఠకులు గమనింప గోరెదము. గుట్టు బయటపడుటవలన నష్టపోవునది దానిని మోయువాడు గాదు, అప్పగించినవాడు.

నాడు గుట్టు కొన్ని నోళ్లమీదను, రెండు మూడు జాబులమీదను ఆధారపడియుండెడిది. నే డెట్లున్నదో మలికిపురము ప్రాంతమున చూడవచ్చును. వసిష్ఠకును వైనతేయకును నడుమ, సముద్రమునకు చేరువనున్న ఈ రాజోలు సీమనుండి పలువురు స్త్రీలు కువైటు, మస్కటు, దుబాయి మొదలగు చోట్లకు ఇంటిపనులకై పోవుచున్నారు. పాసుపోర్టు యజమాని చేతజిక్కి, జీతము రాక, దెబ్బలు తినుచున్న ఆడుదానికి స్వగ్రామముతో మిగిలిన సంబంధము చేతిఫోను ఒక్కటే. ఆమె రాత్రివేళ చాటుగా పంపిన మాట, గాయముల ఫోటో, పాసుపోర్టు నకలు, తానున్న యింటి గురుతు మొదట బంధువులకును, వారివలన సేవాసంఘపు కార్యకర్తకును చేరును. కార్యకర్త ఆత్రముతో అధికారి కొకటి, విలేఖరి కొకటి, వాట్సాప్ గ్రూపున కొకటి పంపును. ఉద్దేశము మంచిదే. కాని అవి చేతులు మారి మారి ఏజెంటు కంటబడి, అతడు యజమానికి కబురుచేసినచో, ఆ రాత్రి ఆ గదిలో నుండునది కార్యకర్త గాదు.

ఇక ఆ కార్యకర్త ఫోను సంగతి. అది ఇంట పిల్లలు ఆటలకు వాడునదే. దానికి తాళముండదు. పాతబడినపుడు అంగడిలో మారకమునకు ఇచ్చివేయుదురు. అందలి బొమ్మలు తుడిచిరో లేదో యెవరికిని జ్ఞాపకముండదు. "మాకు దాచవలసినదేమున్నది?" అని మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట. మీకు లేకపోవచ్చును, మిమ్ము నమ్మినవారికి కలదు. 2017 ఆగస్టు 24వ తేదీని సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పు వెలువడిన మరుసటి యేడే, 2018 ఏప్రిలులో, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణసంస్థ వెబ్‌సైటున లక్షకు మించిన లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, కులమతముల వివరములతో గూడ, ఎల్లరకు కనబడునట్లుండెనని ఒక స్వతంత్ర పరిశోధకుడు బయటపెట్టెను. ఇల్లు కోరిన పేదవాడు తన కులము ఊరూర చాటుమని కోరలేదు గదా!

ఈ కాపలా విద్య తెలిసినవారు మనలో లేకపోలేదు. 2022 మే 24న, జిల్లా పేరు మార్పుపై అమలాపురమున అల్లర్లు చెలరేగినపిమ్మట, కోనసీమలో ఇంటర్నెట్టు కొన్ని దినములు నిలిపివేయబడెను. ఇంటినుండి కొలువుచేయు సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలు దొరకు తావులు వెదకికొనుచు ఊళ్లు దాటిపోవలసివచ్చెను. ఆ విద్య మన కొబ్బరితోటల నడుమ ఎన్ని యిండ్లలో నున్నదో ఆ దినములలో వెల్లడియయ్యెను. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసుబావి అంటుకొని రెండునెలలకు పైగా మండగా, ఆర్పుటకు అమెరికానుండి నిపుణులు రావలసివచ్చెను. ఈ పనికట్టి నిరీక్షణ అక్కరలేదు. నిపుణులు పండుగకు ఇంటికి వచ్చుచునే యున్నారు. హైదరాబాదున "స్వేచ్ఛ" సంస్థ స్వేచ్ఛాసాఫ్టువేరు ప్రచారమునకై కళాశాల విద్యార్థులను కూడగట్టి శిబిరములు నడపుచు వచ్చినది; పిలిచిన పలుకువారు కలరనుట కదియే తార్కాణము.

అయితే పిలిచినంతనే సరిపోదు. వారికి గూడ శిక్షణము కావలెను, అందును యంత్రమును గూర్చి గాదు. కంపెనీలో వారు నేర్చినది ఆజ్ఞాపించు పద్ధతి: నియమము వ్రాయుదురు, ఉద్యోగులు పాటింతురు, పాటింపనివానికి ద్వారము మూయబడును. సేవాసంఘమున నుండునవి రెండు గదులు, ఒక పాత కంప్యూటరు. అచ్చటికి ఇతడు పోయి, పదునారక్షరముల సంకేతపదము పెట్టుడని, వాట్సాప్ మాని సిగ్నల్ వాడుడని శాసించి వచ్చును. మరునాడు ఆ సంకేతపదము గోడమీది క్యాలెండరుపై వ్రాయబడియుండును. తప్పు వారిదని మే మనజాలము.

పైగా ఆ రెండవ ఉపదేశమును కొంచెము పరిశీలింపుడు. నగరమున అది మంచి మాటయే. కాని కువైటులోని యజమానురాలు పనిమనిషి ఫోనును అప్పుడప్పుడు విప్పిచూచును. అందరి ఫోనులందునుండు వాట్సాప్ చూచి ఏమియు ననదు; ఎన్నడు చూడని కొత్త గురుతు కనబడిన నిలవదీయును. రక్షణకై పెట్టినదే పట్టియిచ్చును. గాయముల ఫోటోలను వెంటనే తుడిచివేయుమనుటయు నిట్టిదే. రేపు జీతపు బాకీకై, పరిహారమునకై ఆమెకు సాక్ష్యమదియే. ఉంచవలెనా తుడువవలెనా, ఉంచిన ఎవరియొద్ద నుంచవలెననునది ఏ శాస్త్రగ్రంథమును చెప్పజాలదు. ఆమె నడుగవలెను. అడుగుట కుదరని వేళ ఆమె స్థితి నెరిగిన కార్యకర్త నడుగవలెను. మీయొద్ద నేమున్నది, దానిని కోరువా డెవడు, వాని కది చిక్కిన ఎవరి కేమగును—అని విని, పిదపగాని నోరు విప్పని నిపుణుడే ఈ పనికి తగినవాడు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయమువారు 2018లో, న్యాయవిద్యార్థులు పేదల వ్యాజ్యములను చేపట్టి నేర్చుకొను పద్ధతిని అనుసరించి, విద్యార్థులను పౌరసంఘముల రక్షణకు నియోగించిరి. రోగిని చూడక వైద్యము రానట్లే ఈ విద్యయు ననుభవమున గాని రాదు.

ఇచ్చట నొక లోపమును మందలింపక తప్పదు. కొందరు బోధకులు పెగాససు పేరు చెప్పి సభను బెదరించుటయే శిక్షణమనుకొందురు. 2019లో ఆ నిఘాసాధనము, ఎత్తని పిలుపుద్వారానే, ప్రపంచమున సుమారు 1,400 ఫోనులలో చొరబడ యత్నించెనని వాట్సాప్‌వారు ప్రకటించిన మాట నిజము. అందు మనదేశపు న్యాయవాదులును, హక్కుల కార్యకర్తలును కలరు. అట్టివారికి వేరు జాగ్రత్త కావలెను. కాని మలికిపురపు కార్యకర్తకు ఆ కథ చెప్పిన, "ఇక మనవల్ల నేమగును" అని ఉన్న తాళము గూడ తీసివేయును. ఆమెకు వలయునది ఫోనుకు తాళము, రెండంచెల ధ్రువీకరణము, పాత నకళ్లకు గడువు, అన్నింటికంటె ముందు అక్కరలేనిదానిని అడుగకుండుట. జీతము బాకీ రాబట్టుటకు ఆధారు నకలేల? తీసికొనని కాగితమును ఎవడును దొంగిలింపలేడు.

తుదకు బోధకుని సంగతి. అన్ని పెట్టెలును తెరచి చూచినవాడు తానే కొత్త యపాయమగును. కావున మీటలపై వ్రేళ్లు కార్యకర్తవే కావలెను. సంకేతపదము కొట్టునపుడు ఇతడు మొగము త్రిప్పుకొనవలెను. ఆదివారము సాయంకాలము ఇతడు దిండి దాటి, చించినాడ వంతెనమీదుగా హైదరాబాదు పోవును. మంగళవారము రాత్రి గల్ఫునుండి ఫోను మ్రోగును. అప్పటికి సంఘములో ఈ పని తెలిసినవారు కనీస మిద్దరుండవలెను. వారిలో నొకతెయైనను ఆ యూరనే కాపురముండునదై యుండవలెను.